నోటిమీద వేలు

ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని మొదట కనిపెట్టింది అత్తగారు. కాపురానికొచ్చిన వారానికే, "అమ్మాయ్, ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు, విన్నావా?" అంది. విన్నానత్తయ్యా అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఈవిడ ఆ బోడిగుండు పట్టుకుని, పుట్టింటి పక్కవాటాలో ఎవరికి ఏ జబ్బుచేసి జుట్టు రాలిందో, మళ్ళీ మొలిచిందో లేదో మొత్తం చెప్పుకొచ్చింది. అత్తగారు రెండు చేతులూ జోడించి లోపలికి పోయింది. మొగుడు లారీ నడిపేవాడు. రోడ్డు మీద ఎక్కువ, ఇంట్లో తక్కువ, అందుకే కాపురం సజావుగా సాగిందని ఆవిడే నవ్వుతూ చెప్పేది. ఆయన పోయాక బట్టల కొట్లో చేరితే నెల తిరక్కుండా ఓనరు పంపించేశాడు. కొనడానికొచ్చిన వాళ్ళంతా ఆవిడతో కబుర్లు చెప్పుకుని, కడుపు నిండి, ఏమీ కొనకుండా వెళ్ళిపోతున్నారట.

చివరికి ఆ నోటికి తగిన చోటు దొరికింది. పనికి పోయే తల్లులు పసిపిల్లల్ని దించిపోయే క్రెష్ అది. రెండు గదులు, ఒక వరండా, వెనక పెరట్లో పంపు. అందులో ఆవిడ ఆయా. ముక్కులు తుడుస్తూ, లాగులు మారుస్తూ, "ఏదీ, కుడికాలు ఎక్కడ దాక్కుంది? ఎడంకాలూ, నువ్వు చూశావా?" అంటూ పిల్లలున్నంతసేపూ ఒకటే వాగుడు. లోకంలో ఆవిడ మాటలకి విసుక్కోని జనం ఎవరన్నా ఉంటే వాళ్ళు ఆ గదుల్లోనే ఉన్నారు. గేటు దగ్గరి వాచ్‌మన్ ఆవిడకి రేడియో అని పేరు పెట్టాడు. "కరెంటు పోయినా మోగుతుంది" అనేవాడు. "నోరు మంచిదైతే ఊరు మంచిదిరా నాయనా, నీకేం తెలుసు?" అనేది ఆవిడ. తల్లులకీ పిల్లలకీ మాత్రం ఆవిడ ఆయమ్మే.

అలాంటి రేడియో దగ్గరికి పిట్ట వచ్చింది. పిట్ట అని పేరు పెట్టింది ఆయమ్మే, పిల్ల అంత సన్నగా ఉండేది. కూత మాత్రం లేదు. మూడో ఏడు దాటినా ఆకలేస్తే ఏడవదు, దెబ్బ తగిలితే అరవదు. వాళ్ళమ్మ పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే అమ్మాయి. మొగుడు చెప్పకుండా ఎటో పోయాడు. పిల్లని ఇన్నాళ్ళూ ఎక్కడ ఉంచావమ్మా అని ఆయమ్మ అడిగింది.

"నాతోనే తీసుకుపోయేదాన్ని ఆయమ్మా. సూపర్‌వైజర్ చూశాడంటే ఉద్యోగం ఊడినట్టే. అందుకని దుప్పట్ల గదిలో మూటల వెనక కూచోబెట్టి ఇట్టా చూపించేదాన్ని." లాండ్రీ అమ్మాయి నోటిమీద వేలు పెట్టి చూపించింది. "బంగారం ఆయమ్మా. సాయంత్రం దాకా కిక్కురుమనేది కాదు."

ఆ పిల్లతల్లి గర్వంగానే చెప్పింది. తిట్టాలో ఏడవాలో ఆయమ్మకి తెలియలేదు. పిట్టని దగ్గరికి లాక్కుని ఒళ్ళో కూచోబెట్టుకుంది.

పేదింటి పిల్లలు చదువులోనూ మాటల్లోనూ ఈడు పిల్లలకంటే వెనకబడితే, వాళ్ళని చూసుకునే చోటికి ప్రభుత్వం అదనంగా కొంత డబ్బు ఇస్తుంది. క్రెష్ నడిపే హెడ్ మేడం పిట్ట కోసం రాసి పంపింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. విడ్డూరం ఏమిటంటే, ఈసారి పూజారి కూడా ఇచ్చాడు. అంతకుముందు వాళ్ళమ్మ కట్టే ఫీజుకి పిట్టని మధ్యాహ్నం దాకానే ఉంచుకోగలిగేవాళ్ళు, ఆ తరవాత మళ్ళీ దుప్పట్ల గదే. ఆ డబ్బొచ్చాక సాయంత్రం దాకా ఉంచుకున్నారు. ఆయమ్మకి సాయంత్రం డ్యూటీ కలిసింది. వారానికోసారి మాటలు నేర్పే టీచరు రావడం మొదలుపెట్టింది.

టీచరు చిన్నపిల్ల, చూస్తే పాతికేళ్ళుంటాయో లేదో. కాసేపు మూల కూర్చుని ఆయమ్మనీ పిట్టనీ చూసి అంది, "ఆయమ్మా, మీరు ప్రశ్న అడుగుతున్నారు, జవాబూ మీరే చెప్పేస్తున్నారు. తనకి చోటేదీ? అడగండి. అడిగి ఆగండి."

"ఎంతసేపు?"

"తను చెప్పేదాకా."

"చెప్పకపోతే?"

"ఆగడమే."

"అంతకంటే నా పీక నొక్కెయ్యండి టీచరమ్మా, ఓ పనైపోతుంది" అంది ఆయమ్మ. అయినా ఆ టీచరు చెప్పింది నిజమని ఆవిడకి తెలుస్తూనే ఉంది. అత్తగారు నేర్పలేనిది, మొగుడు అడగనిది, ఆ వయసులో నేర్చుకుంది. అడగడం, పెదవి పంటికింద పట్టుకుని ఆగడం. గొంతులో మాటలు ఒకదాన్నొకటి తోసుకునేవి. పిట్ట మాత్రం బెల్లం కొట్టిన రాయిలా చూసేది. "గోడనడిగినా ఈపాటికి చెప్పేది" అని వాచ్‌మన్ దగ్గర వాపోయేది.

ఓరోజు పెరట్లో పంపు కింద బకెట్ పెట్టి, "నీళ్ళు చాలా?" అని అడిగి ఆగింది. బకెట్ నిండింది. ఆయమ్మ పంపు కట్టలేదు. నీళ్ళు పొర్లి ఆవిడ పాదాల మీదికీ, పిట్ట పాదాల మీదికీ వచ్చాయి. పిట్ట కిందికి చూసింది, పైకి చూసింది.

"చాలు" అంది.

ఆయమ్మ పంపు కట్టడం కూడా మర్చిపోయి, తడిసిన బట్టలతో గేటు దాకా పరిగెత్తి వాచ్‌మన్ చెయ్యి పట్టుకుని ఊపేసింది. "అందిరా! చాలు అందిరా నాయనా!" ఆ పూట పెరడంతా బురదైంది, ఎవరూ ఏమీ అనలేదు.

కొన్నాళ్ళు పిట్టకి అన్నిటికీ చాలే. తరవాత ఒకటొకటే వచ్చాయి, తరవాత వరదే. చీమ ఎటు పోతోంది, వాచ్‌మన్ తాతకి మీసం ఎందుకు తెల్లగా ఉంది, అన్నీ కావాలి. "ఒక రేడియోకే చెవులు పోతున్నాయంటే రెండోది తయారుచేశావు గదా తల్లీ" అని వాచ్‌మన్ లబోదిబోమనేవాడు. సాయంత్రం వాళ్ళమ్మ వచ్చి చెయ్యి పట్టుకున్నాక గేటు దగ్గర ఆయమ్మ అడిగేది, "రేపొస్తావా?" "వస్తా. నువ్వుంటావా?" అనేది పిట్ట. "నేనెక్కడికి పోతానే" అనేది ఆయమ్మ. ఇది లేందే ముగ్గురూ కదిలేవాళ్ళు కాదు.

అప్పుడొచ్చింది తనిఖీ కబురు. ప్రభుత్వం ఆఫీసు నుంచి మేడం వచ్చి పిల్లని చూసి, డబ్బు ఇంకా కావాలో అక్కర్లేదో తేలుస్తుందట. హెడ్ మేడం ఆయమ్మని తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరికేసింది.

"పిల్ల ఇట్లా గలగలా మాట్లాడితే అవసరం తీరిపోయిందని రాస్తారు ఆయమ్మా. డబ్బు ఆగిపోతుంది."

"మాటలు రావాలనే కదమ్మా ఇచ్చారు? వచ్చాయిగా, మంచిదేగా?"

"మంచిదే. అదే వచ్చిన చిక్కు."

"బాగుందమ్మా వరస! జ్వరం తగ్గింది గదా అని కంచం లాగేసినట్టుంది."

"రూలు నేను రాశానా? డబ్బు లేకపోతే మధ్యాహ్నమే పంపెయ్యాలి. ఊరికే ఉంచుకుందామంటే రేపు అందరూ అడుగుతారు. ఈ కొంపకి అద్దె కట్టడానికే నా తల ప్రాణం తోకకొస్తోంది." హెడ్ మేడం బల్ల మీద లేని దుమ్ము తుడుస్తోంది, మొహంలోకి చూడటం లేదు. "నిన్ను అబద్ధం చెప్పమనడం లేదు. ఆ ఒక్క పూట పిల్ల నోరు మెదపకుండా చూడు. నీ మాటైతే వింటుంది. నీ సాయంత్రం డ్యూటీ కూడా ఆ డబ్బులోదే, మర్చిపోకు."

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటే ఇదే. ఆయమ్మకి ఒళ్ళు మండిపోయింది. నేను చెయ్యనని గట్టిగా అనేసి బయటికొచ్చింది. సాయంత్రం లాండ్రీ అమ్మాయికి సంగతి చెబితే ఆ అమ్మాయి తిట్టలేదు, ఏడవలేదు.

"మధ్యాహ్నం తీసుకెళ్ళి ఎక్కడ పెట్టను ఆయమ్మా? మళ్ళీ ఆ దుప్పట్ల గదే గతి" అంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒక్క పూట నోరు మూసుకుంటే పిల్ల ఏడాదంతా ఇక్కడ నోరు తెరిచి ఉండొచ్చు గదా అని ఆయమ్మ తనకి తానే చెప్పుకుంది. ఎంత చెప్పుకున్నా లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది.

తనిఖీ రోజు పొద్దున పిట్టని ఒళ్ళో కూచోబెట్టుకుంది. "ఇవాళ మనం ఓ ఆట ఆడదామా? ఎవరు ముందు మాట్లాడితే వాళ్ళు ఓడిపోయినట్టు."

"ఎందుకు?"

"అదుగో, ఓడిపోయావు."

"నువ్వూ మాట్లాడావుగా! నువ్వే ఓడిపోయావు. ఆయమ్మా, చీమకి నోరుంటుందా?"

మళ్ళీ చెప్పింది, బతిమాలింది, బిస్కట్టు ఇస్తానంది. మాటలు కొత్తగా వచ్చిన పిల్ల, ఆపమంటే ఆగుతుందా! గేటు బయట కారు ఆగింది. హెడ్ మేడం తలుపులోంచి తొంగిచూసి కళ్ళతోనే అడిగింది. పిట్ట చీమ కథ సగంలో ఉంది. ఆయమ్మకి ఇంకేం తోచలేదు. చెయ్యి దానంతటదే లేచింది. నోటిమీద వేలు పెట్టుకుంది.

పిట్ట మాట మధ్యలో ఆగిపోయింది.

ఆ వేలు వంక చూసింది. ఆయమ్మ మొహం వంక చూసింది. ఒళ్ళోంచి దిగింది. ఎవరూ చెప్పకుండానే పిల్లలు పడుకునే గదిలోకి నడిచి, పేర్చిపెట్టిన పరుపుల వెనక్కి దూరి, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఈ గది వేరు, ఆ దుప్పట్ల గది వేరు. కూర్చున్న తీరు మాత్రం పాతదే.

ఆఫీసు మేడం చెడ్డమనిషి అయినా బాగుండేది, ఆయమ్మ ఆవిణ్ణి తిట్టుకునేది. ఆవిడ చెప్పులు విడిచి పరుపుల పక్కన పిట్ట ఎదురుగా నేల మీద కూర్చుని, బొమ్మలు తీసి, "ఇదేంటమ్మా?" అని మెల్లగా అడిగి ఆగింది. ఆవిడకీ ఆగడం తెలుసు. పిట్ట ఆవిడ భుజం మీదుగా గోడని చూసింది. ఎన్నిసార్లు అడిగినా అంతే. కాసేపటికి పిల్ల కింద నేల తడిసింది. ఎప్పుడో మానేసిన అలవాటు అది. లేచి వెళ్ళాలని కూడా అడగలేదు.

"అయ్యో పాపం" అంది ఆఫీసు మేడం. కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. "ఈ పిల్లకి సాయం చాలా అవసరం. ఆపకూడదు." వెళ్తూ వెళ్తూ ఆయమ్మ భుజం తట్టి, "ఇట్లాంటి పిల్లల్ని చూసుకోవడం అందరివల్లా కాదు" అంది. ఆ మాటకి ఆయమ్మకి భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

కారు మలుపు తిరగ్గానే పిట్టని ఎత్తుకుని పెరట్లోకి పరిగెత్తింది. బట్టలు మార్చింది. "అయిపోయింది తల్లీ, ఆవిడ వెళ్ళిపోయింది. ఆటైపోయింది, నువ్వే గెలిచావు. చెప్పు, చీమకి నోరుంటుందా?" పిట్ట చెప్పలేదు. ఆయమ్మ బకెట్ పెట్టి పంపు తిప్పింది. "నీళ్ళు చాలా?" నీళ్ళు పొర్లి పాదాలు మునిగాయి. పిట్ట నీళ్ళ వంకే చూస్తూ నిలబడింది. ఎంతకీ మాట రాకపోతే ఆయమ్మే పంపు కట్టింది.

సాయంత్రం లాండ్రీ అమ్మాయి మొహం వెలిగిపోతూ వచ్చింది. "ఇంకో ఏడాది ఉంచుతారటగా ఆయమ్మా! నీ రుణం తీర్చుకోలేను. నా బంగారం, కిక్కురుమనలేదటగా!" గేటు దగ్గర ఆయమ్మ అడిగింది, "రేపొస్తావా?" అడిగి ఆగింది. లాండ్రీ అమ్మాయి ఇంటికి తొందరపడి చెయ్యి లాగింది, పిల్ల వెళ్ళిపోయింది.

ఆ వారం అట్లాగే గడిచింది, ఆ తరవాతి వారమూ అంతే. మాటల టీచరు పిట్ట ముందు కూర్చుని బొమ్మలన్నీ చూపించి, చివరికి ఆయమ్మ వైపు తిరిగింది.

"బాగా మాట్లాడుతున్న పిల్ల ఇట్లా ఎందుకయింది? ఎవరైనా బెదిరించారా ఆయమ్మా? ఏమైంది?"

టీచరు అడిగి ఆగింది. నేర్పిన మనిషి కదా, తొందరపడలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. చెబితే హెడ్ మేడం ఊరుకోదు, తన డ్యూటీ పోతుంది. డ్యూటీ పోతే పోయింది, పిల్ల మళ్ళీ ఆ మూటల వెనక్కి పోతుంది. నోటిదాకా వచ్చిన మాటని ఆయమ్మ మింగేసింది. పిట్ట ఆవిడ వంకే చూస్తోంది.

"ఏమో టీచరమ్మా, నాకు తెలీదు" అంది.

"పోనీలెండి" అంది టీచరు, బొమ్మలు సంచిలో సర్దుకుంటూ. "డబ్బు ఇంకో ఏడాది వస్తుంది కదా. మళ్ళీ మొదట్నించీ నేర్పుదాం."

ఆయమ్మ నోరు తెరవకుండా తలూపింది.