మాలలో ఉన్న స్వామికి చెప్పిన ఎలుక సంగతి

సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఒక్కొక్కటే ఆగిపోయి నేతపనివాళ్లు పని కోసం మహారాష్ట్రలోని భివండికి బస్సెక్కుతున్న సంవత్సరాలవి. నేను అక్కడ ఓ చిన్న ఆస్పత్రిలో నర్సును. ఒక పొద్దున భారతి అనే ఆమె తన భర్త రాజేశాన్ని ఆటోలో తీసుకొచ్చింది. మెడలో ఆంజనేయస్వామి మాల, కాషాయం బట్టలు, గడగడ వణికే చేతులు. ఇంట్లో ఫిట్స్ కూడా వచ్చాయట.

"మాలేసుకొని మూడొద్దులాయె మేడం. ఏం తప్పు జరిగిందో, దేవునికి కోపమచ్చింది" అని ఏడ్చింది.

భివండిలోనూ పని దొరక్క తిరిగొచ్చాక రాజేశం రోజూ కల్లు తాగేవాడు. అది మత్తుమందు కలిపిన కల్లు. దీక్ష కోసం ఒక్కసారిగా మానేశాడు. అలవాటుపడిన ఒంటికి ఆ మందు హఠాత్తుగా అందకపోతే వణుకు, ఫిట్స్ వస్తాయి. దీన్ని మేం విత్‌డ్రాయల్ అంటాం. మళ్లీ ఫిట్స్ వస్తే ప్రాణానికే ముప్పని, డాక్టరుగారు ఆ మత్తుమందు జాతివే, కొన్నాళ్లు తగ్గించుకుంటూ వాడాల్సిన మాత్రలు రాశారు.

రాజేశం మాత్ర వేసుకోనన్నాడు. "మాల మీద మత్తుగోలి మింగుతనా? నేను పాపిని, గందుకే గిట్లయింది. సస్తే సస్త."

నాకు ఒళ్లు మండింది. "రోజు తాగినప్పుడు లేని పాపం గిప్పుడచ్చిందా?" అనేశాను. అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. రోగి మీద నోరు జారినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

కాసేపటికి స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాను. నర్సింగు చదివేటప్పుడు విన్న ఎలుక గుర్తొచ్చింది.

"స్వామీ, ల్యాబుల ఓ ఎలుక మెదడుల సన్నటి తీగ పెట్టిన్రు. మీట నొక్కితే జర కరెంటు పోయి దానికి మస్తు హాయనిపిస్తది. ఇగ జూడు, ఆకలైనా గింజల దిక్కు పోకుంట మీటనే నొక్కుకుంట కూసున్నది. నువ్వు తాగిన మత్తు గూడ మెదడుల గసొంటి జాగనే ముట్టుతది."

అతను ఇటు తిరిగాడు. "గా ఎలుకను ఎవలన్న పాపిష్టిదన్నరా?"

"లే. తీగ పని అన్నరు."

"కరెంటు బంద్ జేస్తే?"

"జరసేపు నొక్కి సూసి ఇడిసిపెడ్తది. నీ ఒళ్లు గట్ల గాదు, మెల్లగ దించాలె. గీ గోలీలు గందుకే."

అతను లేచి కూర్చున్నాడు. భారతి నీళ్ల గ్లాసు అందించింది. దీక్షలో ఉన్న భర్తను భార్య కూడా స్వామీ అనే పిలవాలి. "మింగు స్వామీ" అంది. మింగాడు.

దీక్ష పూర్తయ్యాక కొండగట్టు ఆంజనేయుడి గుడిలో మాల తీసి, ఇద్దరూ ప్రసాదం పట్టుకుని వచ్చారు. ఊళ్లోనే పని దొరికి రెండు సాంచాలు నడుపుతున్నానని చెప్పాడు. ఎంత సంతోషమేసిందో!

అంతకుముందు కల్లు తాగేవాళ్లు వణుకుతోనో ఫిట్స్‌తోనో వస్తే "ఎందుకు తాగుతున్నవ్?" అని గద్దించేదాన్ని. ఆ రోజు నుంచి నా మొదటి ప్రశ్న మారింది: "ఎప్పుడు బంద్ జేసినవన్నా?"