గొడుగుపిల్ల కథకు అక్షింతలు

మా వదిన పోయి నెల దాటింది. ఆమె పెద్దకర్మ నాడు నేను టీవీ పెట్టుకుని, పిల్లల బొమ్మల సీరియల్ చూస్తూ నవ్వానని మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. అందులో సవరించవలసినవి ఉన్నాయి. టీవీ పెట్టిన మాట నిజం. అది పెద్దకర్మ నాడు కాదు, మర్నాడు. నవ్విన మాటా నిజమే. నవ్వవలసిన చోటే నవ్వాను. నాకు మతి చలించిందన్న ఊహను ఊహించినవారికే వదిలేస్తున్నాను. కానీ చివరి భాగం నేనొక్కదాన్నే చూసేశానన్నది మాత్రం పచ్చి అబద్ధం. నేను చూసింది మొదటి భాగం. చివరి భాగం మా ఇంట్లో ఇంకా ఎవరూ చూడలేదు. ఎందుకు చూడలేదో చెప్పాలంటే వదిన సంగతి చెప్పాలి.

ఆమె మా అన్నయ్య భార్య. వెల్దుర్తి వైపు మెట్ట సేద్యం చేసే ఇంటి నుంచి నరసరావుపేటకు కోడలిగా వచ్చింది. ఒకే ప్రహరీలో ఆమెదో వాటా, నాదో వాటా. నేను మహిళా కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. పెళ్లి చేసుకోలేదు. నా డిగ్రీ అయిన ఏడాది చుట్టాలంతా హాల్లో చేరి నా సంబంధం ఖాయం చేయబోతుంటే, వదిన గరిటె పట్టుకునే వంటింట్లోంచి వచ్చింది. "దానికి ఇష్టం లేదంటే లేదు. దాని అన్నం నేను పెడతా. మధ్యలో మీకేంది?" అంది. ఆ తరువాత నా అన్నం నేనే సంపాదించుకున్నాను. ఆమె పెట్టవలసిన అవసరం ఏనాడూ రాలేదు. అయినా ఆ మాట అండ నాకు ఉద్యోగం కంటే పెద్దది.

అన్నయ్య పోయాక ఆమెను పేరంటాలకు పిలవడం మానేశారు. నన్ను మొదటి నుంచీ ఎవరూ పిలిచేవారు కాదు. శ్రావణ శుక్రవారాల్లో పట్టుచీరలు మా గేటు ముందు నుంచే వెళ్లేవి. వదిన అరుగు మీద కూర్చుని వాటి అంచుల మీద వ్యాఖ్యానం చేసేది. "నాకు వాయనం శనగలంటే చానా ఇష్టమే. మొగుడు పోయినోళ్లకి అరగవనుకుంటారో ఏందో" అని నవ్వేది. నేను కోప్పడితే, "శనగలకు కోపమెందుకే లెక్చరరూ, ఉడకేసుకుందాం పా" అని లేచేది.

రెండేళ్ల కిందట ఆమె కంటికి ఆపరేషన్ జరిగింది. తోడుగా ఉందామని సాయంత్రాలు ఆమె వాటాలో కూర్చునేదాన్ని. ఒకనాడు ఆమె రిమోట్ మీద ఏదో నొక్కితే జపాన్ వారి బొమ్మల సీరియల్ ఒకటి మొదలైంది. మాటలు జపాను భాషలో, అడుగున ఇంగ్లీషు అక్షరాలు. సముద్రపు ఒడ్డున చిన్న ఊరు; గొడుగులు బాగుచేసే ఒక అవ్వ; ఆమె మనవరాలు. వాన మొదలవగానే ఆ పిల్ల అటక మీది పాత గొడుగు తెరిచింది. చుట్టూ వెలుగు కమ్మింది, బట్టలు మారాయి, జడ దానంతటదే అల్లుకుంది. వదిన దిగ్గున లేచి దణ్ణం పెట్టింది.

"ఏ అమ్మవారే ఈమె?"

"అమ్మవారు కాదు వదినా, స్కూలు పిల్ల."

"స్కూలుకు పోయే అమ్మవారు ఉండకూడదా? కింద రాసింది చదువు."

చదివాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి వినిపించాను. మర్నాడు నేను వెళ్లేసరికి ఆమె తలస్నానం చేసి, గుప్పిట్లో అక్షింతలు పట్టుకుని కూర్చుని ఉంది. వ్రతకథ వినేటప్పుడు అలాగే పట్టుకుంటారు. కథ ముగిశాక తల మీద వేసుకుంటారు. ఒకరు చదవడం, మిగిలినవారు వినడం, మధ్యలో లేవకపోవడం. ఇది బొమ్మల సీరియల్ అని నేను ఎంత వివరించినా ఆమె తన పద్ధతి మార్చలేదు. కొద్దిరోజులకు నాకూ అక్షింతలు పంచింది. పేరు పలకడం కష్టమని దానికి గొడుగుపిల్ల కథ అని తనే పేరు పెట్టింది.

మూడో శ్రోతగా పక్కింటి మెకానిక్ గారి భార్య వచ్చింది. నమాజు చేసుకుని, వేయించిన పల్లీలు కొంగున కట్టుకుని వచ్చేది. అక్షింతలు పంచుతుంటే, "నాకు ఇవొద్దు పెద్దమ్మా, నేను పల్లీలు పట్టుకుంటా. ఆ పిల్లకు ఇవైనా ఒకటే, అవైనా ఒకటే" అంది. వదిన దానికి ఒప్పుకుంది. కానీ కథ అయ్యేదాకా తినకూడదని షరతు పెట్టింది. ఆ షరతు మాత్రం ఎన్నడూ నెగ్గలేదు.

ఈ సీరియల్‌కు పెద్ద పేరుప్రఖ్యాతులేమీ లేవు. ఇలాంటివి విడవకుండా చూసే నా పాత విద్యార్థిని ఒకామెను అడిగితే, ఎప్పుడూ వినలేదంది. వినకపోవడం ఆమెకే నష్టం. ఇందులో రాక్షస సంహారం లేదు. ఊరి రంగులన్నీ పీల్చేసే నీడలు వస్తాయి. గొడుగుపిల్ల వాటిని చంపదు. తన గొడుగు కిందికి పిలిచి, వాన వెలిసేదాకా పక్కన నిలబెట్టుకుంటుంది. నిలబడినంతసేపూ ఆ నీడ తన బాధ చెప్పుకుంటుంది. వాన వెలిశాక రంగులు తిరిగి ఇచ్చి వెళ్లిపోతుంది. అంతే కథ. "ఈ గొడుగొకటి మన పల్నాటికి తెప్పించాల. చానా పెద్దది కావాల" అని వదిన అంటే, మెకానిక్ గారి భార్య పల్లీ గొంతుకు అడ్డం పడేదాకా నవ్వింది.

రూపం మారే ఘట్టం ప్రతి భాగంలోనూ ఒకేలా ఉంటుంది. అదే సంగీతం, అదే వెలుగు. ఒకసారి నేను విసుక్కుని దాటించబోయాను. వదిన నా చేతిలోంచి రిమోట్ లాక్కుంది. "దీపం రోజూ ఒకే తీరున ఎలిగిస్తాం. దాన్ని కూడా దాటేస్తావా?" అంది. అప్పటి నుంచి ఆ ఘట్టం రాగానే నేను కూడా పైట సర్దుకునేదాన్ని. పని ముగిశాక పిల్ల అలసిపోయి, ఇంటికి వచ్చి, హోంవర్కు ముందు కునికిపాట్లు పడేది. "ముందు అన్నం తినవే తల్లీ, లోకాన్ని తరవాత కాపాడుదువు" అని వదిన తెరతో చెప్పేది. ఆ మాటను ఆమె నాకూ చాలా ఏళ్లు చెప్పింది. పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో.

మా మధ్య పంతం వచ్చింది అవ్వ దగ్గరే. ఆ అవ్వ ఎప్పుడూ దుకాణంలో మూల కూర్చుని గొడుగు చువ్వలు సరిచేస్తుంటుంది. మనవరాలు తడిసి వస్తే ఏమీ అడగకుండా తువ్వాలు అందిస్తుంది.

"ఆ ముసలామె కూడా ఒకప్పుడు ఇదే పని చేసింది. చివర్లో లేచి గొడుగు పడతది, చూడు" అంది వదిన.

"పట్టదు. ఆమె వంతు అయిపోయిందని కథలోనే చెప్పారు."

"ఎవరు చెప్పింది? ఊళ్లోవాళ్లు చెప్పారు. అవ్వ చెప్పిందా?" అని, మరో మాట కూడా అంది. "అవ్వ లేచిందనుకో, ఈ కథకు ఉద్యాపన నా చేత్తో చేస్తా. శనగలు, రవికె గుడ్డ పెట్టి వీధంతటికీ వాయనం ఇస్తా. ముండమోపి ఇచ్చిందని ఎవరన్నా పుచ్చుకోకపోతే వాళ్ల ఇష్టం."

ఆమె నవ్వలేదు. శనగల హాస్యం వెనుక ఆమె ఇన్నేళ్లుగా ఏం దాచుకుందో నాకు ఆ రోజే అర్థమైంది.

ఆగి ఆగి రెండేళ్లు చూశాక చివరి భాగం ఒక్కటి మిగిలింది. దాన్ని శుక్రవారం చూద్దామని ఆమే ముహూర్తం పెట్టింది. గుప్పిట్లోని అక్షింతలు తల మీద వేసుకోకుండా, కథ పూర్తి కాలేదు కదా అని ఇత్తడి గిన్నెలో పోసి టీవీ పక్కన పెట్టింది. గురువారం తెల్లవారుజామున నిద్రలోనే వెళ్లిపోయింది. పాలు ఇవ్వడానికి వెళ్లిన మెకానిక్ గారి భార్య నా తలుపు తట్టి, "టీచరమ్మా, పెద్దమ్మ లేవట్లా" అంది.

వీధిలో ఆ మాట పుట్టాక మెకానిక్ గారి భార్య నన్ను అడిగింది ఒకటే. "అవ్వ లేచిందా లేదా, మీరు చూసేశారంట గదా?" చూడలేదని చెబితే ఆమె మొహం తేటపడింది. ఈ వ్యాసానికి అసలు కారణం అదే.

వచ్చే శుక్రవారం సాయంత్రం వదిన వాటాలో చివరి భాగం చూస్తాం. ఏడాది తిరగకుండా ఇంట్లో ఇలాంటివి పనికిరావని ఇద్దరు చెప్పి వెళ్లారు. గొడుగుపిల్ల కథకు నియమాలు పెట్టింది మా వదిన. ఆమె పెట్టినవాటిలో అది లేదు. వీధిలో ఇంటింటికీ నేనే వెళ్లి పిలిచాను. భర్త ఉన్నవారిని, పోయినవారిని, అసలు వద్దనుకున్నవారిని, అందరినీ. ఎవరినీ సలహా అడగలేదు.

వాయనం కథ మొదలవక ముందే ఇస్తాను. అవ్వ లేస్తుందో లేదో చూసి ఇవ్వను. రవికె గుడ్డలు తెచ్చాను. శనగలు పెద్ద గిన్నెలో పోసి ఉంచాను, ముందురోజు నానబెట్టడమే మిగిలింది. ఇత్తడి గిన్నె టీవీ పక్కనే ఉంది. ఆమె గుప్పెడు అక్షింతలు అందులో ఇంకా పచ్చగానే ఉన్నాయి.