పెనంలో కల్లు ఓడ

సిద్దిపేట చుట్టుపక్కల మొట్టమొదటి ట్యాంకరు పడవ నడిపింది నేనే. చెరువు మీద నలభై కుండల కల్లు దాటించాను. పడవ మునగలేదు. మునిగిందేమిటో చెబుతాను, నవ్వండి గానీ, మా లచ్చవ్వ ముందు నవ్వకండి.

సరే, నలభై కాదు, ఎనిమిది. పడవా కాదు, చెరుకు బెల్లం వండే పెద్ద ఇనుప పెనం.

యుద్ధం నడుస్తున్న రోజులు. గోదావరి కాలువల మీద పనిచేసొచ్చిన మా చిన్నాయన చెప్పాడు: "ఎన్కట దీపాల నూనె డబ్బాలల్ల పోసి పడవెక్కిస్తుండిరి. ఇప్పుడు పడవ కడుపులనే పోస్తున్రు! నడుమ అడ్డగోడలు కడ్తరు, ఎందుకంటె..."

ఎందుకో వినకుండానే లేచిపోయాను. అంత తెలివి నాది.

నాకు లచ్చవ్వను ఖాయం చేసే రోజు వచ్చింది. పెద్దమనుషులు కల్లు తాగితేనే సంబంధం కుదిరినట్టు. మామ కల్లుగీసేవాడు. పొద్దున్నే అవతలి ఒడ్డు తాటివనంలో కుండలు నింపిపెట్టి ఇవతలికొచ్చాడు; వెనకే వానకు తోవ తెగింది.

"పెనమేసుకొని పో అల్లుడా. రెండేసి కుండలు, నాలుగు తిరుగుళ్లు. పైలం!"

"గంత సేపెందుకు మామా? ఒక్క తిరుగుడే!"

అవతల కల్లంతా పెనంలో కుమ్మరించాను. కప్తాను ఎక్కడ నిలబడాలో చిన్నాయన చెప్పలేదు. కల్లులోనే నిలబడ్డాను, మోకాళ్ల దాకా.

నడిచెరువులో నేను కాస్త కుడికి వంగితే, బంతి భోజనానికి పిలిచినట్టు కల్లంతా కుడికే ఉరికింది. ఎడమకు వంగితే నాకన్నా ముందే అక్కడుంది. అంచు దాటి కల్లు పోయింది, చెరువు లోపలికొచ్చింది. అడ్డగోడలెందుకో అప్పుడు తెలిసింది. ఒడ్డు చేరేసరికి పెనం నిండుగానే ఉంది. నా భయమూ అదే.

పొదల చాటున మా ఇంటి కుండల్లోకి ఎత్తి, పెద్దల ముందు పెట్టాను.

మొదటి గుటకకే ఒక పెద్దాయన ఉమ్మేశాడు. "ఏందిర గిది? చెరువు తాగినట్టున్నది! ఏమోయ్, నీళ్లు కలిపినవా?"

కల్లుగీసేవాణ్ని అంతకన్నా తిట్టలేరు. మామ తల వాలిపోయింది. అప్పుడు నేను లేచి, రొమ్ము చరుచుకుని, "తప్పు నాది!" అన్నాను. మామ పరువు నిలబెట్టాను. ఆనాటి నుంచి ఒట్టు: నడుమ అడ్డగోడ లేనిదే గ్లాసుతో మజ్జిగైనా మోయను.

ఇంతవరకూ చదివి వినిపిస్తే, లచ్చవ్వ బియ్యం చాట పక్కన పెట్టింది.

"నువ్వేడ లేసినవయ్యా? గోడకు ఒదిగి కూసున్నవ్. మా బాపు నీ మోకాళ్లకంటిన నురగ చూసిండు. చూసి, 'అవు, నీళ్లు నేనే కలిపిన' అన్నడు. గది రాయి."