అందరికన్నా పెద్ద కానుక

పటాన్‌చెరు స్టీలు దుకాణంలో గిన్నెల మీద పేర్లు చెక్కే మిషను గర్రుమంటే, నాకిప్పటికీ పళ్లు జివ్వుమంటాయి.

నాకు ఏడేళ్లప్పుడు, క్రిస్మస్ పొద్దున చిట్కుల్‌లో నానమ్మ మా ఇద్దరు మేనత్తలకూ పట్టుచీరలు పెట్టింది. కోడలైన మా అమ్మకు మాత్రం స్టీలు బగోనా ఇచ్చింది. అందులో నీళ్లు పోస్తే పాస్టరుగారు ఒకేసారి ముగ్గురికి బాప్తిస్మం ఇవ్వొచ్చు.

"మా అమ్మకే అందరికన్నా పెద్దది" అని వాడంతా చాటి వచ్చాను.

"నీకే పెద్దది దొరికింది గద వదినె," అంది చిన్నత్త.

"అవును. ఇగ గిదే కట్టుకొని చర్చికి పోత," అంది అమ్మ.

పోలేదు. అత్తలు కొత్త చీరల్లో ఆరాధనకు వెళ్తే, అమ్మ పాత చీరలో ముప్పైమందికి ఆ బగోనాలోనే బిర్యానీ వండింది. కానుకను విడిచి రాలేక ఇంట్లో ఉండిపోయిందని చర్చిలో కూర్చుని నేను మురిసిపోయాను.

బతికినన్నాళ్లూ దాన్ని అమ్మే తోమింది. అడుగు అరిగింది గానీ, అంచు మీద చెక్కించిన నానమ్మ పేరు అరగలేదు.

మొన్న మా కొత్త కోడలికి క్రిస్మస్‌కని ఆ దుకాణంలోనే పెద్ద గిన్నె కొన్నాను.

"ఎవరి పేరు కొట్టాలె సార్?"

ఆలోచించకుండా నా పేరే చెప్పాను.