ఎక్స్‌టెన్షన్ బాక్సుకు గలీబు

వీధిలో అందరూ ఆవిడను గలీబులక్క అంటారు. చొక్కాలకు గుండీలు, ప్యాంట్లకు అంచులు కుట్టి, ఇస్త్రీ చేసి ఇవ్వడం ఆవిడ బతుకుతెరువు. ముక్క గుడ్డ మిగిలితే చాలు, చేతులు ఊరుకోవు. మిక్సీకి గలీబు, రిమోటుకు గలీబు, ఆఖరికి గొడుక్కీ గలీబే. ఇంకా నయం, ఇంట్లో పిల్లి లేదు. ఉంటే దానికీ కొలతలు తీసేది.

పిల్లీ లేదు, మనిషీ లేదు. ఇన్నాళ్లూ తోడుగా ఉన్న చెల్లెలు నలభై ఏడో ఏట పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. మంచిదే, ఎవరు కాదన్నారు? కానీ ఆ రోజు నుంచి ఇల్లు బావురుమంటోంది. అది భరించలేక ఆవిడ పొద్దున్నే టీవీ పెడుతుంది, ఆపైన రేడియో కూడా పెడుతుంది. రెండూ కలిసి వాగుతుంటే నలుగురున్న ఇంట్లో కూర్చున్నట్టు ఉంటుంది మరి!

కుట్టుమిషను, ఇస్త్రీపెట్టె కూడా ఆ గదిలోనే. గోడకున్నది ఒక్కటే ప్లగ్గు. దానికో ఎక్స్‌టెన్షన్ బాక్సు, అది చాలక ఆ బాక్సులో ఇంకో బాక్సు. దుమ్ము పడుతుందని రెంటికీ కలిపి మందపాటి గలీబు, వైర్లు దూరడానికి కాజాలతో సహా! పనితనానికి వంక పెట్టలేం, తెలివికే పెట్టాలి.

మొన్న పదకొండు గంటలప్పుడు ఎవరిదో తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తుంటే కమురు వాసన వచ్చింది. చొక్కా కాలిందేమోనని ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. తిప్పి తిప్పి చూసింది, చొక్కాకేమీ కాలేదు. పొగ కాళ్ల దగ్గర, గలీబులోంచి వస్తోంది. గబుక్కున చెంబెత్తి, కరెంటు మీద నీళ్లేంటని తనను తానే తిట్టుకుని, గోడ మీది స్విచ్చు ఆపేసింది.

మధ్యాహ్నం కరెంటు పనివాడు వచ్చి గలీబు ఎత్తి చూశాడు. కింద ప్లాస్టిక్కు ముద్దలా కరిగిపోయి ఉంది.

"ఇదేంటక్కా, దీనికి చలేస్తోందా?"

"దుమ్ము పడుతుందని, తమ్ముడూ."

"దుమ్ము పడితే తుడుచుకోవచ్చు. వేడి బయటికి పోకపోతే ఇల్లే తగలబడుతుంది. బాక్సులో బాక్సు పెట్టకూడదు. ఇస్త్రీపెట్టె అయితే అసలే పెట్టకూడదు, అంత కరెంటు ఇది మొయ్యలేదు. వంటింట్లో పెద్ద ప్లగ్గుంది కదా, ఇస్త్రీ అక్కడ చేసుకోండి."

ఆవిడ ముఖం పాలిపోయింది. రోజుకు నాలుగు గంటల ఇస్త్రీ. టీవీ మాటలు వంటింటి దాకా వినపడవు.

"అక్కడ ఒక్కదాన్నే నిలబడాలి, నా వల్ల కాదు తమ్ముడూ."

అతను గదంతా ఒకసారి చూశాడు. "ఇక్కడ మాత్రం ఎవరున్నారక్కా?"

ఆవిడ సిగ్గుతో తల దించుకుంది. ఏమనుకున్నాడో ఏమో, అతను మళ్లీ ఏమీ అడక్కుండా బజారుకెళ్లి లావుపాటి వైరు తెచ్చాడు. ఇస్త్రీపెట్టెకు విడిగా పెద్ద ప్లగ్గు, టీవీకి, రేడియోకు, మిషనుకు తలా ఒకటి, అన్నీ ఆ గది గోడకే బిగించడం మొదలెట్టాడు. మూడు గంటలు పట్టింది. మెయిను ఆపేశాడు కాబట్టి టీవీ లేదు, రేడియో లేదు. గలీబులక్క పక్కనే స్టూలు మీద కూర్చుని చెల్లెలి గురించి, చొక్కాలిచ్చేవాళ్ల పిసినారితనం గురించి నోరు నొప్పెట్టేలా మాట్లాడింది. అతను స్క్రూలు బిగిస్తూ ఊ కొట్టాడు, రెండుసార్లు పకపకా నవ్వాడు కూడా. ఎన్నాళ్లయిందో ఆవిడ ఇంత సంతోషంగా ఉండి!

పని అయిపోయింది. అతను సామాను సంచిలో సర్దుకుంటున్నాడు.

"మళ్లీ ఎప్పుడొస్తావు తమ్ముడూ, చూసిపోడానికి?"

"చూడ్డానికేముందక్కా? గట్టి పని. పదేళ్ల దాకా ఈ ఇంటికి ఎవరూ రానక్కర్లేదు."

"పదేళ్లా!" అంది ఆవిడ.

మెచ్చుకుంటోందనుకుని అతను నవ్వుతూ వెళ్లిపోయాడు. గలీబులక్క తలుపైనా వెయ్యకుండా గుమ్మంలో కూలబడి, ఎవరైనా చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా వెక్కి వెక్కి ఏడ్చింది.