ఎవరు గెలిచినట్టు?

నలభై దాటాక దూరవిద్యలో బి.ఏ.కు కట్టాను. దబీర్‌పురాలో నేను ఆపా అని పిలిచే మా ఎదురింటి అక్క కూడా నాతోపాటే కట్టింది. ఆమె జరీ పని చేస్తుంది. మధ్యాహ్నాలు ఆమె సూదితో పూలు కుడుతుంటే నేను పక్కన కూర్చుని పాఠం పైకి చదివేదాన్ని.

అమెరికా చరిత్రలో 1812 యుద్ధం దాకా బాగానే వచ్చాం. సముద్రం మీద బ్రిటిష్‌వాళ్లు అమెరికా ఓడల్ని ఆపి, వీళ్లు మావాళ్లేనంటూ నావికుల్ని పట్టుకుపోయేవారు. వర్తకానికి అడ్డుపడేవారు. అక్కడిదాకా మా ఇద్దరికీ అర్థమైంది.

"వర్తకం మీద పెట్టిన ఆంక్షలు తీసేస్తామని బ్రిటన్ చెప్పిందట ఆపా. ఆ కబురు ఓడలో వచ్చేలోపే అమెరికా యుద్ధం ప్రకటించింది."

"అయ్యో! కబురు జర ముందొస్తే లొల్లే లేకుండునా?"

ఏమో, ఉండేదేమో. అమెరికా గొడవ నావికుల గురించి కూడా కదా. తర్వాత బ్రిటిష్‌వాళ్లు అమెరికా రాజధానిని తగలబెట్టారు. ఒక రేవులో అమెరికా కోట మాత్రం రాత్రంతా గుండ్లు పడినా నిలిచింది. ఐరోపాలో సంధి మీద సంతకాలయ్యాక, అది తెలియక, దక్షిణాన పెద్ద యుద్ధం చేసి అమెరికా గెలిచింది. సంధిలో చూస్తే ఎవరి నేల వాళ్లకే. నావికుల ఊసే లేదు.

ఆపా సూది ఆపింది. "మరి గెలిచింది ఎవరు చెల్లె?"

పుస్తకంలో వెతికాను, దొరకలేదు. ఆదివారం మలక్‌పేటలో జరిగే దూరవిద్య క్లాసులో ఆమే లేచి అడిగింది.

"ఇద్దరూ గెలిచామనుకున్నారమ్మా. అట్లనే రాయండి," అన్నారు సార్.

"ఇద్దరు గెలిస్తే ఓడింది ఎవరు సార్?"

ఆయన పుస్తకం మూశారు. "ఆ నేల మొదట ఎవరిదో, ఆ తెగలవాళ్లు. వాళ్లలో చానామంది బ్రిటన్ పక్కన కొట్లాడిన్రు. వాళ్ల భూములు వాపస్ ఇస్తమని సంధిలో రాసిన్రు గానీ ఇయ్యలేదు."

తిరిగి వస్తూ ఆటోలో ఆపా పుస్తకం తిరగేసి ఆ తెగలవాళ్ల గురించి వెతికింది. కోపమో, బాధో నేను పోల్చుకోలేకపోయాను.

పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది: యుద్ధ కారణాలు, మలుపులు, ఫలితం. ఇద్దరూ గెలిచారని రాసేశాను. బయటికొచ్చాక ఆపా చెప్పింది: "నేను ఓడినోళ్ల ముచ్చటే రాసిన. కాగితాలన్నీ దాంట్లనే అయిపోయినయ్."

నేను పాసయ్యాను. ఆమె ఆ పేపర్ తప్పింది. సంతోషపడాలో, సిగ్గుపడాలో తేలక రెండు రోజులు ఆమె గడప తొక్కలేదు. మూడో రోజు ఆమే కిటికీలోంచి పిలిచింది.

"ఫికర్ ఏంది? మళ్ల రాస్త. గీసారి సార్ చెప్పినట్టే రాస్త గానీ, నువ్వు సచ్ చెప్పు. నువ్వు రాసింది నీకు సమజైందా?"

కాలేదన్నాను. ఆమె చాయ్ పోసి పుస్తకం నా వైపు జరిపింది. మళ్లీ మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను.