పదిహేడో పేరు

ముందు పేర్లు వినిపించాయి.

పొద్దున పదిన్నర. మగవాళ్లు డ్యూటీలకీ, పిల్లలు బళ్లకీ వెళ్లిపోయాక ఇబ్రహీంపట్నంలోని ఆ వీధి కడిగి బోర్లించిన గిన్నెలా ఉంటుంది. మెయిన్ రోడ్డు మీద థర్మల్ స్టేషన్ బూడిద లారీ ఒకటి వెళ్లింది. దాని చప్పుడు సన్నగిల్లిన చోట పక్కింటి వరండాలోంచి ఒక ఆడగొంతు మొదలైంది.

"పాట్రిక్ ఫిరి."

ఆగింది.

"మోజెస్ జులూ."

మళ్లీ ఆగింది. ప్రతి పేరు తరువాతా ఒక పిల్లవాడు లేచి 'ప్రెజెంట్ టీచర్' అని కూర్చునేంత ఖాళీ. ఎవరూ లేవలేదు. ఎవరూ పలకలేదు. పెన్ను మాత్రం కాగితం మీద చిన్నగా గీరిన చప్పుడు. నేను మేడ మీద గదిలో పెట్టెలు విప్పుతూ, ఎందుకో తెలియకుండానే లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

పదిహేడో పేరు: "కెల్విన్ బ్వాల్యా."

అక్కడ ఆగిన గొంతు చాలాసేపు అలాగే ఉండిపోయింది. కింద వంటింట్లో తిరుగుతున్న మిక్సీ ఆగింది. గోడ మీద కాకి మెడ తిప్పి వరండా వైపు చూసింది. ఆ ఖాళీలో ఎవరో ఊపిరి పీల్చుకుని మాట్లాడబోతున్నట్టే ఉంది. తరువాత పెన్ను గీరింది. పద్దెనిమిదో పేరు వచ్చింది. మిక్సీ మళ్లీ తిరిగింది.

ఆ గదిని ఆరు నెలలకు అద్దెకు తీసుకున్నాను. ఇంటావిడ శివపార్వతి మధ్యాహ్నం మిరపకాయలు ఎండబెట్టడానికి మేడ మీదికి వచ్చింది. అడగకముందే ఆవిడే చెప్పింది.

"భయపడ్డారా? మా సలోమి టీచరండీ. హాజరేసుకుంటది."

"ఎవరికండీ?"

"జైల్లో ఉన్నోళ్లకి. ఇక్కడ కాదు, ఆఫ్రికాలో. జాంబియా అంట. అందులో ఒకడు పోయాడు కూడా. పోయినోడిక్కూడా ఏస్తది. మా ఆయనకి సెలవుంటే ఆ టైముకి టీవీ సౌండు పెంచేస్తాడు." గట్టిగా నవ్వింది. కాసేపు మిరపకాయలు పరిచి, గొంతు తగ్గించింది. "నవ్వుతున్నా గానీండీ, పదిహేడోది వచ్చేసరికి నేనూ మిక్సీ ఆపేస్తా. ఎందుకంటే చెప్పలేను."

మూడో రోజున పక్కింటి గేటు తీసుకుని వెళ్లాను.

సన్నటి మనిషి. డెబ్భై దాటాయి. తెల్ల వాయిల్ చీర, కళ్లద్దాలకు నల్ల తాడు. వరండాలో ఒక బల్ల, దాని మీద పొడుగాటి హాజరు పట్టీ, ఎర్ర పెన్ను. బల్లకు ఎదురుగా బడివాళ్లు తీసి పారేసిన పాత బెంచీ. బెంచీ మీద సన్నటి బూడిద, పిండి జల్లినట్టు. నేను మధ్యలో కూర్చోబోయాను.

"అక్కడ కాదు బాబూ. ఈ చివర కూర్చోండి."

కూర్చున్నాను. ఆ మధ్యలో ఒక మనిషి పట్టేంత మేర బూడిద లేదు. పిల్లి పడుకుంటుందని శివపార్వతి తరువాత చెప్పింది. ఆరు నెలల్లో ఆ ఇంట్లో నాకు పిల్లి కనిపించలేదు.

సలోమి టీచరు దివిసీమలో కూలివాళ్ల ఇంట పుట్టింది. ట్రైనింగు అయ్యాక మొదటి ఉద్యోగం అక్కడే, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్లో. తరువాత ఇటు బదిలీ అయి, హైస్కూల్లో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పింది. భర్త ఫిట్టరు; చనిపోయి పన్నెండేళ్లు. పిల్లలు లేరు. రిటైరయిన వారానికే బెజవాడలోని ఒక చిన్న సువార్త సంఘం ఆవిడకు ఈ పని ఇచ్చింది. ఇరవై నాలుగు బైబిలు పాఠాలు. సంఘంవాళ్లు అచ్చువేసి, విదేశాల జైళ్లలో ఉన్న కుర్రాళ్లకు పోస్టులో పంపుతారు. వాళ్లు జవాబులు రాసి తిప్పి పంపుతారు. ఆ జవాబులు దిద్దడం టీచరు పని. ఇరవై నాలుగూ పూర్తి చేసినవాడికి పేరు రాసి, ముద్ర వేసి, బంగారు అంచు సర్టిఫికెట్.

"ఏం చేసి లోపలికొచ్చావని నేను ఎవర్నీ అడగను బాబూ. బళ్లో కొత్తగా చేరినోణ్ణి ఏ క్లాసని అడుగుతాం. అంతే."

హాజరు మాత్రం సంఘం చెప్పిన పని కాదు. టీచరు సొంత అలవాటు. "పేరు పిలవకుండా పేపరెట్టా దిద్దేది?" అంది. ఇక్కడ పదిన్నర అయితే అక్కడ ఏడు. ఆ వేళకు జైల్లో అందరినీ నిలబెట్టి లెక్క పెడతారు. అది తెలిసినప్పటి నుంచీ ఈవిడా అప్పుడే పిలుస్తోంది. ఆ సంగతి ఒకసారి పాఠం అంచున రాసి పంపితే, కెల్విన్ ఒక్కడే అప్పటినుంచి ప్రతి పేపరు నెత్తినా రాయడం మొదలుపెట్టాడు: 'ప్రెజెంట్, టీచర్.'

కెల్విన్ అసలు పేరు వేరు. ఇది రాయడం కోసం మార్చాను. కారణం ముందుకు వెళ్తే తెలుస్తుంది.

టీచరు అతని పేపర్లు బల్ల మీద వరసగా పరిచింది. మొదటి ఎనిమిదింటిలో అక్షరాలు గాలికి వరిలా ఎడమవైపుకు ఒరిగి ఉన్నాయి. ఎనిమిదోది వచ్చిన నెలలోనే అక్కడి జైలు పాస్టరు నుంచి ఇక్కడి పాస్టరు జయపాల్ ఫోనుకు మెసేజీ వచ్చింది. కెల్విన్ జ్వరంతో చనిపోయాడు. పంతొమ్మిదేళ్లు. ఆదివారం ఆరాధనలో పేరు చదివారు.

తరువాతి నెల కట్టలో కెల్విన్ పేరుతో తొమ్మిదో పాఠం వచ్చింది.

"పోకముందు రాసుంటాడన్నారు. నేనూ అదే అనుకున్నా. ఆ పైనెల పదోది వచ్చింది." ఒక పేపరు నా వైపు తోసింది. అక్షరాలు గుండ్రంగా, నిటారుగా ఉన్నాయి. తరువాత ఇంకొకటి తోసింది. "ఇది పదిహేనోది. దీన్ని తిరగేసి, వెనక తడిమి చూడండి."

తడిమాను. ఎవరో ఎంత నొక్కి రాశారంటే, వెనకవైపు అక్షరాలు పొక్కుల్లా లేచి ఉన్నాయి. ఇది మూడో చేతిరాత. నెత్తిన మాత్రం అదే మాట. ప్రెజెంట్, టీచర్.

"ఇరవై మూడు వచ్చేసినయ్. ఇంకొక్కటి. అదీ వస్తే సర్టిఫికెట్టు రాయాలి." పెన్ను మూత తీసి మళ్లీ పెట్టింది. "ఎవరి పేరు రాయమంటారు?"

ఆ వారమే జయపాల్ గారు వచ్చారు. నలభై ఏళ్ల మనిషి, తెల్ల చొక్కా, బండి తాళాలు వేలికి తిప్పుకుంటూ. టీచరు లేచి నిలబడి "వందనాలు అయ్యగారూ" అంది. ఆయన బెంచీ వైపు చూసి, నిలబడే మాట్లాడారు.

"టీచర్ గారూ, కమిటీలో మళ్లీ మాటొచ్చిందండీ. పోయినవారి కోసం ప్రార్థన చెయ్యడం మనలో లేదు కదా."

"నేను ప్రార్థన చెయ్యట్లేదు అయ్యగారూ. హాజరు పిలుస్తన్నా."

"ఎట్టా పిలిచినా పిలవడమే కదండీ! సంఘంలో పిల్లలు ఈ వీధిలోంచి రావట్లేదు. సలోమి టీచరింట్లో దెయ్యం చదువుకుంటందంట!"

"చదువుకోనియ్. నువ్వు చదివావా సరిగ్గా?" అయ్యగారు ఒక్కసారిగా పాత విద్యార్థి అయిపోయాడు. "ఒరేయ్ జయపాల్, తొమ్మిదో క్లాసులో సగం రోజులు నువ్వు సినిమా హాల్లో. మీ నాన్న కాళ్లావేళ్లా పడ్డా హెడ్మాస్టరు నీ పేరు కొట్టేయమన్నాడు. కొట్టేశానా?"

జయపాల్ గారు తల దించుకున్నారు. నవ్వు ఆపుకోవడానికో, దేనికో. "లేదు టీచర్."

"మరి?"

"నేను బతికున్నానండీ." నెమ్మదిగానే అన్నారు. "ఇరవై నాలుగోది వచ్చినా రాకపోయినా ఈ నెలాఖరుకి ఆ పేరు కొట్టేయాలండీ. లేదంటే పట్టీ, ముద్రా వెనక్కిచ్చేయమన్నారు. మిగతా ముప్పై మందినీ బెజవాడలో ఇంకొకరికి ఇస్తారు. నా చేతిలో లేదు టీచర్."

ఆయన బండి చప్పుడు మలుపు తిరిగాక కూడా టీచరు నిలబడే ఉంది.

"కొట్టేశాను ఒకసారి," అంది. నాతో కాదు, బెంచీతో.

డెబ్భై ఏడు ఉప్పెన. అప్పటికి ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. నీళ్లు తీశాక, గోడలు మాత్రం మిగిలిన బళ్లో మళ్లీ క్లాసు మొదలుపెట్టారు. పట్టీలో నలభై మూడు పేర్లు. పలికింది తొమ్మండుగురు. పోయినవాళ్ల పేర్లు కొట్టేసి కొత్త జాబితా పంపమని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. స్కేలు పెట్టి కొట్టేసింది. అందులో యేసుబాబు అనే పిల్లవాడి పేరు ఉంది. శవం దొరకలేదు, కానీ చాలామందివి దొరకలేదు.

"పేర్లు కొట్టేసిన పన్నెండో రోజున హాజరు పిలుస్తన్నా. ఆలస్యంగా వచ్చినోళ్లు గుమ్మంలోనే నిలబడాలి, పేరు పిలిచాకే లోపలికి రావాలి. అది నేను పెట్టిన రూలే. తలొంచుకుని తొమ్మిది పేర్లూ పిలిచి పట్టీ మూసేశా. సాయంత్రం ఒక ఆడపిల్ల ఏడ్చుకుంటా వచ్చింది. యేసుబాబు వచ్చాడు టీచర్, గుమ్మంలో నిలబడ్డాడు, మీరు పిలవలేదు, ఎళ్లిపోయాడు అని. మిగతా ఎనమండుగురూ చూశారంట. దెయ్యమనుకుని నోరెత్తలేదు."

"బతికే వచ్చాడా టీచరు గారూ?"

"అది తెలిస్తే బాగుండు. ఏ క్యాంపులోనో ఉండి నడిచొచ్చాడో, ఎట్టా వచ్చాడో. చాలా ఊళ్లు తిరిగా. ఎవరూ చూళ్లేదు. గుమ్మం దగ్గర మాత్రం ఇన్ని నీళ్లున్నయ్. తడికాళ్లతో నిలబడినట్టు. వాన లేదు ఆ రోజు."

మరునాడు పదిన్నరకు నేను మేడ మీద లేను. కింద శివపార్వతి వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. పదిహేడో పేరు వచ్చింది. ఆవిడ మిక్సీ స్విచ్ మీద వేలు పెట్టి నా వైపు చూసింది. ఇద్దరం చెప్పులు లేని అడుగుల కోసం చెవులు రిక్కించాం. ఏమీ వినిపించలేదు. కానీ ఇద్దరం ఒకేసారి రిక్కించాం.

ఇరవై నాలుగో పాఠం నెలాఖరుకు రెండు రోజుల ముందు వచ్చింది. టీచరు నన్ను పిలిపించింది. వెనకటిసారి ఇరవై మూడో పేపరు దిద్ది పంపేటప్పుడు, అంచున ఎర్ర సిరాతో ఒకే ప్రశ్న వేసిందట: నువ్వెవరు? జవాబు ఈ పేపరు వెనక ఉంది. సులువైన ఇంగ్లీషు, నొక్కి నొక్కి రాసిన అక్షరాలు. తెలుగులో అది దాదాపు ఇలా ఉంటుంది.

'టీచర్, నేను మూడోవాణ్ణి. కెల్విన్ పోయాక అతని చాప, అతని పేరు ఇంకొకడు తీసుకున్నాడు. వాడు విడుదలై వెళ్తూ రెండూ నాకిచ్చాడు. శిక్ష పడినవాళ్లకే పాఠాలు ఇస్తారు. మా కేసులు ఇంకా తేలలేదు, మాకు ఇవ్వరు. మీ కవరు వచ్చినంత కాలం ఆ పేరు జాబితాలో ఉంటుంది. కవర్లు పంచేది మా ఖైదీల్లోనే ఒకడు. పొద్దున ఏడుకి వార్డరు కెల్విన్‌ని పిలవడు. మీరు పిలుస్తారు. వంతు ఎవరిదైతే వాడు మెల్లగా పలుకుతాడు. నా తరువాత ఒక చిన్నవాడున్నాడు. వాడికి రాయడం రాదు, నేర్పుతున్నాను. మమ్మల్ని పూర్తి చేసేయకండి.'

చదివి తల ఎత్తాను. "ఇది అయ్యగారికి చూపిస్తే చాలు కదండీ. మీ మీద మాట పోతుంది."

"జయపాల్ మంచోడు. మంచోడు కాబట్టే ఉన్నదున్నట్టు అక్కడికి రాస్తాడు. వాళ్లు జాబితా సరిచేస్తారు." పేపరు నాలుగు మడతలు పెట్టి బైబిల్లో దాచింది. "నన్ననుకోనియ్ బాబూ. చచ్చినోళ్లని పిలిచే ముసల్ది అనుకోనియ్."

సర్టిఫికెట్ తీసింది. బంగారు అంచు మీద బూడిద ఊదింది. పేరు రాసింది: కెల్విన్ బ్వాల్యా. సంఘం ముద్ర చివరిసారిగా వేసింది. తరువాత పట్టీలో పదిహేడో వరస చివర, ఇరవై నాలుగో గడి పక్కన, మళ్లీ ఒకటి అని అంకె వేసింది. అదే పేరు, మొదటి పాఠం.

జయపాల్ గారు వచ్చి పట్టీ, ముద్రా తీసుకుని, ఆవిడ కాళ్లకు మొక్కి వెళ్లారు. ముప్పై మంది బెజవాడ వెళ్లిపోయారు. పాత అచ్చు పాఠాల కట్ట ఒకటి టీచరు ట్రంకు పెట్టెలో ఉంది. దానితో సొంతంగా కవరు కట్టి పోస్టు చేసింది.

అప్పటి నుంచీ వరండాలో ఒక్క పేరే. పదిన్నరకు ఒకసారి పిలుపు, తరువాత ఖాళీ. ముప్పై పేర్ల మధ్య ఉన్నప్పుడు దానికి అంచులు ఉండేవి. ఇప్పుడు లేవు. అది వీధి చివరి దాకా వెళ్తోంది.

రెండు నెలల తరువాత ఒక కవరు వచ్చింది. మొదటి పాఠం. నాలుగో చేతిరాత, ఇంకా అక్షరాలు కాలేదు, బొమ్మల్లా ఉన్నాయి. నెత్తిన రెండే మాటలు. వాటిని రాయడానికి ఆ చేతికి ఎంత సేపు పట్టిందో.

నా ఆరు నెలలూ అయిపోయాయి. సామాను ఆటోలో పెట్టి చెప్పి వెళ్దామని వచ్చేసరికి పదిన్నరకు ఇంకా రెండు నిమిషాలుంది. టీచరు బల్ల తుడిచింది. బెంచీ తుడవలేదు. నేను మెట్లు దిగి గేటు దాటాను. అలవాటుగా గడియ మీద చెయ్యి వేశాను. వెనక నుంచి, అప్పుడే పిలవబోతున్న గొంతు నన్ను ఆపింది.

"గేటు వెయ్యకండి బాబూ. పిలిచేదాకా లోపలికి ఎట్టాగూ రాడు. వేస్తే నిలబడను కూడా నిలబడడు."